చిట్టి వీణ అన్నం పెడుతుంది

[అరచేతిలో చిన్న బొబ్బిలి వీణ. కెమెరా బాగా దగ్గరగా.]

ఈ వీణ మోగదు. మీటి చూడండి, పలకదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేస్తారు. మీ ఇంట్లో అద్దాల బీరువాలో కూడా ఒకటి ఉండే ఉంటుంది, ఎవరో బహుమతిగా ఇచ్చింది. ఇవాళ దీని చుట్టూనే తిరుగుతాను.

ఎందుకంటే ఒక మాట వినీ వినీ విసిగిపోయాను. "కళాకారుల సంఘం అంటారు, సేవ అంటారు, మళ్లీ డబ్బులడుగుతారేంటి?"

ఆ మధ్య ఒక స్కూల్ వార్షికోత్సవానికి తప్పెటగుళ్ల బృందాన్ని, అంటే మన ఉత్తరాంధ్ర జానపద ఆటవాళ్లని, మాట్లాడిపెట్టింది నేనే. ఎర్రటి ఎండలో గంటన్నర ఆడారు. గుండె మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు, చెమటకి బనీన్లు ఒంటికి అతుక్కుపోయాయి. చివర్లో తలా ఒక శాలువా కప్పి, భోజనం పెట్టి పంపేశారు. వ్యాన్ కిరాయి కూడా వాళ్ల జేబులోంచే. బృందం పెద్దాయన వ్యాన్ ఎక్కుతూ, "శాలువాలు ఇంటినిండా ఉన్నాయి బాబూ. పిల్ల ఫీజుకి ఏటి, శాలువా పట్టుకెళ్లి ఇచ్చీమంటావా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఇలాంటి కళాకారుల సంఘాన్ని సోషల్ ఎంటర్‌ప్రైజ్‌గా, అంటే ఒక మంచి ఆశయం కోసం చేసే వ్యాపారంగా, నడపొచ్చు. అది దానధర్మం కాదండీ. వ్యాపారమే. ధర చెబుతుంది, బిల్లు రాస్తుంది. ఖర్చులు పోను మిగిలింది ఎటు పోవాలో ముందే రాసుకుంటుంది, అక్కడే తేడా.

[పనస దుంగ మీద ఉలి పని.]

పెద్ద వీణ చూడండి. కుండ (గుండ్రటి బుర్ర), దండి (పొడవాటి మెడ) విడివిడిగా చేసి అతికించరు, ఒక్క పనస దుంగలోంచే తొలుస్తారు. అందుకే ఏకాండి వీణ. ఆపైన మైనం పరిచి, స్వరాలు పలికించే 24 మెట్లు కూర్చాలి. వారాల తరబడి పని. కొనేదెవరు? సంగీతం నేర్చుకునేవాళ్లు, కచేరీలు చేసేవాళ్లు. వాళ్లు రోజూ రారు కదా! చిట్టి వీణని మాత్రం సన్మాన సభలవాళ్లు కొంటారు, ఆఫీసులవాళ్లు కొంటారు. ఆ డబ్బుతో పొయ్యి వెలుగుతుంది. ఉలి పట్టిన చెయ్యి కూలిపనికి వలస పోకుండా ఊళ్లోనే ఉంటుంది. బొమ్మ వీణల వల్ల కళ చవకైపోతుందనే పెద్దలతో నేను అస్సలు ఒప్పుకోను.

మరి తప్పెటగుళ్లకి చిట్టి వీణ ఏది? అమ్మవారి సంబరంలో ఆడే ఆట పెద్ద వీణ లాంటిది, దానికి వెల కట్టమని నేను అనను. స్కూల్లో వారానికి రెండు క్లాసులు, పెళ్లి ఊరేగింపులో అరగంట ఆట, విశాఖలో కంపెనీవాళ్ల ఫంక్షన్: ఇవీ చిట్టి వీణలు. వీటికి రేటు ఉండాలి.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. చిట్టి వీణలే చేసుకుంటూ పోతే, పదేళ్లకి మెట్లు శ్రుతికి కూర్చడం తెలిసినవాడు ఎవడు మిగులుతాడు? అరగంట ఆటే అలవాటైతే తెల్లవార్లూ పాడే కథలు ఎవరికి గుర్తుంటాయి? అందుకే ప్రతి ప్రోగ్రాం డబ్బులో ఇంత భాగం కుర్రాళ్ల శిక్షణకి, ఇంత తప్పెట్ల మరమ్మతుకి అని సంఘం నియమావళిలో రాసి పెట్టుకోవాలి. ఆ రాత లేకపోతే అది మామూలు ఈవెంట్ కంపెనీయే.

ఇదేం కొత్త సంగతి కాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నాటిది. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు, ఆ సన్నటి పళ్లకి సాటి వచ్చే దువ్వెన లేదంటారు. రాట్నం ముందు కూర్చున్న అవ్వ తన నూలు కండెలు పట్టుకుని ఏ బజారుకి పోగలదు? సంఘం పత్తి ఇస్తుంది, నూలు తీసుకుంటుంది, మగ్గానికి చేరుస్తుంది, బట్ట అమ్ముతుంది.

టైం అయిపోతోంది, ఇలాంటి సంఘాన్ని రిజిస్టర్ చేయడానికి మూడు దారులు గబగబా చెప్పేస్తా. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, 1995: మనిషికి ఒక ఓటు, చిన్న బృందాలకి నాకు నచ్చేది ఇదే. ఉత్పత్తిదారుల కంపెనీ: కనీసం పదిమంది ఉండాలి, వీణలు, నేత లాంటి చేతిపనులకి బాగుంటుంది. 2013 కంపెనీల చట్టం 8వ సెక్షన్: లాభాన్ని డివిడెండుగా పంచుకోకూడదు, ఆశయానికే వాడాలి. ఆడిటర్ని అడక్కుండా దేంట్లోనూ సంతకం పెట్టకండి.

[నోటు పుస్తకంలో పేజీ.]

ఆ పెద్దాయన బృందంతో పోయిన నెల కూర్చుని రేట్ల చీటీ రాశాం. మొదటి గీతలో వ్యాన్ కిరాయి రాయించింది ఆయనే.