మూడు శిలువలు, ఒక రాగి రేకు

తమ్ముడు: అక్కా, నిన్న నువ్వు పంపిన బొమ్మ చూశాను. నిజం చెప్పాలంటే ఏమీ అర్థం కాలేదు, అంతా గీతలే.

అక్క: ఫోన్‌లో చూస్తే అంతే, అసలుది అడుగున్నర వెడల్పు ఉంటుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1653లో రాగి రేకు మీద గీసి అచ్చు తీసిన 'మూడు శిలువలు'. మధ్యలో యేసు, అటూ ఇటూ ఇద్దరు దొంగలు, పైనుంచి ధారగా వెలుగు, కింద మోకరించిన శతాధిపతి, అంటే రోమన్ సైనికాధికారి. అందరూ చెప్పేది వాళ్ల గురించే. నువ్వు ఎడమవైపు చూడు. ఒకాయన మొహం చేతుల్లో దాచుకున్నాడు, పక్కవాళ్లు పట్టుకుని నడిపించుకెళ్తున్నారు.

తమ్ముడు: ఎవరాయన?

అక్క: ఏమో, జనంలో ఒకడు. చావింటి ముందు చూస్తాం కదా, కాళ్లు నడుస్తుంటాయి, మనిషి మాత్రం అక్కడ ఉండడు.

తమ్ముడు: ఇదంతా యాసిడ్‌తో చేసిందేనా?

అక్క: కాదు, అక్కడే ఉంది విషయం. యాసిడ్‌తో చేసేది ఎచింగ్, అందులో రేకుకి మైనం లాంటి పూత వేస్తారు, సూది ఆ పూతనే గీకుతుంది, రాగిని తినేది యాసిడ్. ఇది చాలావరకు డ్రైపాయింట్, అంటే సూదితో నేరుగా రాగినే గీకడం. నాగలి చాలు పక్కన మట్టి లేచినట్టు గీత పక్కన రాగి లేస్తుంది, వేలు పెడితే గరగరలాడుతుంది, ఇంకు దాన్ని పట్టుకుంటే అచ్చులో ముఖమల్ లాంటి నలుపు వస్తుంది. కాలేజీలో నేనూ ఒకటి చేశాను, పదో కాపీకే నా నలుపంతా బూడిదరంగు! ప్రెస్ కిందికి వెళ్లిన ప్రతిసారీ ఆ అంచు కాస్త అణిగిపోతుంది మరి.

తమ్ముడు: అంటే ఆయన రేకు కూడా అరిగిందా?

అక్క: అరిగింది. చాలామంది లెక్క ప్రకారం కొన్నేళ్ల తర్వాత మళ్లీ అదే రేకు తీసి, జనంలో చాలామందిని చెరిపేసి, పైనుంచి కిందికి గీతలు బరబరా గీకాడు. రేకు మార్చాక తీసిన అచ్చుని స్టేట్ అంటారు, ఇది నాలుగో స్టేట్. మధ్యాహ్నం నుంచి మూడింటి దాకా చీకటి కమ్మిందని సువార్తలో ఉంటుందే, ఆ చీకటి. కుడివైపు దొంగ దాదాపు అందులో మునిగిపోయాడు. 1656లో దివాలా తీశాడు కాబట్టే అంత చీకటి గీశాడంటారు కొందరు, నాకైతే ఆ లెక్క నచ్చదు. అప్పులున్న ప్రతివాడూ ఇలా గీస్తాడా?

తమ్ముడు: హహ. సరే, ఇంట్లో పెట్టుకోమంటే ఏది తీసుకుంటావు, నాలుగోదేనా?

అక్క: అందరూ మెచ్చుకునేది అదే. నేను మాత్రం మూడోది తీసుకుంటాను, ఆయన సంతకం పెట్టింది దాని మీదే. మొహం దాచుకున్నాయన అందులోనే కదా ఉన్నాడు.