ఐదుగురు మెయింటైనర్లు ఉంటే ప్యాచ్ ఎవరిది?

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఏదో ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి పుల్ రిక్వెస్ట్, అంటే నా కోడ్ మార్పుని కలుపుకోండి అన్న అభ్యర్థన, పంపే ఉంటారు. అది వారాల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటే, పాపం వాళ్ళకి మనుషులు చాలడం లేదేమో అనుకుంటాం. కొన్నిసార్లు నిజమే. కానీ ఐదుగురు మెయింటైనర్లు, అంటే ప్రాజెక్టు బాగోగులు చూసి మార్పులని ఒప్పుకునేవాళ్ళు, ఉన్న చోటా ఇదే జరుగుతుంది. మిగతా నలుగురిలో ఎవరో ఒకరు చూస్తారులే అని ఐదుగురూ అనుకుంటారు. కోడ్ రాయడానికి అందరూ ముందుకొస్తారు, పక్కవాళ్ళ కోడ్ చదవమంటే మాత్రం అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అన్నట్టే ఉంటుంది.

అందుకే నా దృష్టిలో ఎంతమంది రివ్యూయర్లున్నారన్నది రెండో ప్రశ్న. ఈ ప్యాచ్‌కి, అంటే పంపిన కోడ్ మార్పుకి, జవాబు చెప్పాల్సింది ఎవరన్నది మొదటిది.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన లినక్స్ కెర్నెల్ దీనికి చేసిన ఏర్పాటు చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. సోర్స్ కోడ్‌లోనే 'మెయింటైనర్స్' అనే టెక్స్ట్ ఫైల్ ఒకటుంది. ఏ ఫైళ్ళు ఎవరి కింద ఉన్నాయి, మెయింటైనర్ ఎవరు, రివ్యూయర్ ఎవరు అన్నీ అందులో రాసి ఉంటాయి. ఎవరూ పట్టించుకోని భాగమైతే 'ఆర్ఫన్', అంటే అనాథ, అని దాపరికం లేకుండా రాసేస్తారు. మీ ప్యాచ్‌ని ఒక స్క్రిప్ట్‌కి ఇస్తే, దాన్ని ఎవరెవరికి పంపాలో పేర్లు తీసిస్తుంది.

ఒకే ప్యాచ్ ఇద్దరి ఇలాకాలోకి వస్తే? డ్రైవర్‌తో పాటు మెమరీ కోడ్ కూడా మారిందనుకోండి. అప్పుడు ఒక మెయింటైనర్ 'అక్డ్-బై' అని తన పేరు రాసి పక్కకి జరుగుతారు. నా భాగంలో మార్పుకి నాకు అభ్యంతరం లేదు, మీ ట్రీ (మీ దగ్గరున్న కోడ్ ప్రతి) ద్వారానే పంపండి అని దానర్థం. 'రివ్యూడ్-బై' బరువు వేరు. కోడ్ క్షుణ్ణంగా చదివానని, తెలిసినంతలో లోపాలు లేవని పేరు పెట్టి చెప్పడం అది. ఈ రెండింటినీ కలిపేసి అన్నిటికీ ఒకే 'ఓకే' కొట్టే ప్రాజెక్టుల్లోనే గొడవలెక్కువ.

ఇక ఒకరి మార్పు ఇంకొకరి మార్పుతో ఢీకొనే బాధ. దానికి 'లినక్స్-నెక్స్ట్' అనే ట్రీ ఉంది. కెర్నెల్‌లోని ఒక్కో విభాగానికి ఉండే ట్రీలన్నిటినీ పనిదినాల్లో రోజూ అక్కడ కలిపి చూస్తారు. దాంతో ఘర్షణలు చాలావరకు కొత్త మార్పులని అసలు కెర్నెల్‌లో కలుపుకునే రెండు వారాల మెర్జ్ విండో తెరుచుకోకముందే బయటపడతాయి.

చాలా సర్వర్ల మీద సాఫ్ట్‌వేర్‌ని నడిపించే కుబర్నెటీస్ ప్రాజెక్టు, ప్యాచ్ ఎవరు చూడాలో తేల్చే పనిని బాట్‌కి, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్‌కి, అప్పగించింది. డైరెక్టరీల్లో 'ఓనర్స్' ఫైళ్ళుంటాయి. అందులో రివ్యూయర్లు వేరు, అప్రూవర్లు వేరు. రివ్యూయర్ కోడ్ బాగుందో లేదో చూస్తారు. అసలు ఈ మార్పు ప్రాజెక్టుకి కావాలా అన్నది అప్రూవర్ తేలుస్తారు. ఇద్దరూ ఒప్పుకున్నట్టు రెండు లేబుళ్ళూ పడి, టెస్టులు పాసైతే బాటే మెర్జ్ చేస్తుంది. రివ్యూ అయ్యాక కొత్త కమిట్ (కోడ్ మార్పు) తోస్తే రివ్యూ లేబుల్ ఊడిపోతుంది. చిరాకే, కానీ న్యాయం.

బాధ్యుడి పేరు ఉంటే చాలా? చాలదు. ఇంటర్నెట్‌లో డేటాని గుప్తంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో, సర్వర్ల మెమరీలోని రహస్యాలు బయటికి పొక్కేలా చేసిన హార్ట్‌బ్లీడ్ లోపానికి కారణమైన కోడ్‌ని ఒకరు రాశారు, ఇంకొకరు చూశారు. 2011 డిసెంబర్ 31న అది కోడ్‌లో చేరింది. 2014 ఏప్రిల్ దాకా లోపం లోకానికి తెలియలేదు. తర్వాత ఆ ప్రాజెక్టు ప్రతి మార్పుకీ ఇద్దరి ఆమోదం తప్పనిసరి చేసింది.

మీది ముగ్గురు మెయింటైనర్ల చిన్న ప్రాజెక్టైతే ఇంత తతంగం అక్కర్లేదు. పుల్ రిక్వెస్ట్ రాగానే ఎవరో ఒకరికి అసైన్ చేయండి. వాళ్ళు ఊళ్ళో లేకపోతే వారంలో ఇంకొకరికి మార్చండి. ఇద్దరు మెయింటైనర్లకి పడకపోతే ఆ వాదన కొత్తగా వచ్చిన కుర్రాడి ముందు పెట్టకండి. లైన్ల ముందు ఖాళీకి ఒకరు టాబ్స్ అని, ఇంకొకరు స్పేసెస్ అని మార్పించుకుంటుంటే పాపం అతను మళ్ళీ ఎందుకొస్తాడు? మీలో మీరు తేల్చుకుని, అసైన్ అయిన మనిషే ఒక్క మాటగా చెప్పాలి. ఏడాదిగా కనిపించని పేర్లని ఫైల్‌లోంచి తీయడానికి మొహమాటపడకండి. అలాంటివాళ్ళ కోసం కుబర్నెటీస్ 'ఎమెరిటస్', అంటే గౌరవంగా తప్పుకున్నవాళ్ళు, అని విడిగా ఒక చోటు పెట్టింది. మర్యాదా దక్కుతుంది, బాట్ వాళ్ళకి పని అంటగట్టడమూ ఆగుతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.