పాల కవర్ కడిగి పెడితే ఏమొస్తుందండీ?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది కిందకి దిగొచ్చారు, చాలా సంతోషం. పోయిన మీటింగ్‌లో మూడో ఫ్లోర్ మేడమ్ గారు ఒక మాట అడిగారు, మేం ఇంట్లో తడి పొడి వేరు చేసి ఇస్తాం, చెత్త ఆటోలో అన్నీ కలిపి కుమ్మేస్తారు, ఇంకెందుకండీ ఈ శ్రమ అని. అది నేనూ కళ్ళారా చూశా, చాలా బాధేసింది.

అయినా ఉపయోగం ఉందనే చెప్తా, కాకపోతే అన్నిటికీ ఒకేలా ఉండదు. అల్యూమినియం డబ్బా ఉందనుకోండి, ఖనిజం నుంచి కొత్తగా తీసేకంటే పాతది కరిగిస్తే దాదాపు 95 శాతం ఎనర్జీ మిగులుతుంది, ఇది చిన్న విషయం కాదు. పేపర్ అలా కాదు, రీసైకిల్ చేసిన ప్రతిసారీ పీచు పొట్టిదైపోతూ కొన్నాళ్ళకి ఇక పనికిరాదు. చిప్స్ ప్యాకెట్ అయితే రెండు మూడు రకాల పొరలు అతికించి చేస్తారు, విడదీసే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, అందుకే పాత సామాన్లాయన దాన్ని ముట్టుకోడు. అలాంటివి కొనడం తగ్గించుకోవడమే.

మొన్న స్క్రాప్ షాపు దగ్గర కాసేపు కూర్చున్నా. మంచి అట్టపెట్టె, సాంబారు కారి తడిసిపోయింది, తూకంలో వెయ్యకుండా పక్కన పడేశారు. పాల కవర్ కడగమనేది అందుకేనండీ. ఇంకోటి, ఆ సంచుల్లో చేతులు పెట్టి ఏరేది మనుషులు, పగిలిన గాజు, బ్లేడు, శానిటరీ ప్యాడ్ లాంటివి పేపర్లో చుట్టి విడిగా ఇవ్వండి దయచేసి.

అసలు సమస్య తడి చెత్తది. మన ఇళ్ళ చెత్తలో దగ్గర దగ్గర సగం అదే, హైదరాబాద్ చెత్తంతా పోసే జవహర్‌నగర్ లాంటి గుట్టల్లో గాలి తగలకుండా కుళ్ళితే మీథేన్ వస్తుంది, వందేళ్ళ లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు ఎక్కువ వేడి పెంచుతుంది. వేరు చేసి ఇవ్వాలని 2016లోనే రూల్స్ వచ్చాయి కానీ మనం ఆటో వాళ్ళ మీదే ఎందుకు వదిలెయ్యాలి, తడి చెత్తని ఇక్కడే డ్రమ్ముల్లో ఎరువు చేసుకుందాం, అది గేటు దాటకపోతే కలపడానికేం ఉండదు కదా! పొడిది గోతాల్లో కట్టి నేరుగా స్క్రాప్ షాపుకి ఇచ్చేద్దాం.

వాసనొస్తుందని చాలామంది భయపడుతున్నారు, తడి ఎక్కువైతేనే వస్తుంది, ఒక పొర చెత్త మీద ఒక పొర ఎండుటాకులు, కాస్త పుల్లమజ్జిగ చల్లితే సరిపోతుంది. చిల్లులు పెట్టిన డ్రమ్ములు రెండు సంపు వెనకాల పెట్టించాం, పదండి చూద్దాం, ఎవరి దగ్గరైనా తొక్కలుంటే తీసుకురండి.