మీ షెడ్డులో ఆరుగురే ఉన్నా పరిహారం బాధ్యత మీదే: డబ్ల్యూసీ పాలసీ లెక్కలు

[దృశ్యం: విజయవాడ ఆటోనగర్. లారీ బాడీ కట్టే షెడ్డు, వెల్డింగ్ నిప్పురవ్వలు.]

నమస్కారం. ఇక్కడ ఏ షెడ్డు ఓనర్‌ని అడిగినా తన బండి ఇన్సూరెన్స్ ఎప్పుడు అయిపోతుందో ఠక్కున చెబుతాడు. లోపల పనిచేసే ఆరుగురి సంగతి అడిగితే మాత్రం, "పదిమంది లేరు కదండీ, మనకి వర్తించదు" అంటాడు.

ఆ పదిమంది లెక్క ఈఎస్ఐది, అంటే ప్రభుత్వం నడిపే ఉద్యోగుల బీమా పథకానిది. పనిలో దెబ్బ తగిలితే ఇవ్వాల్సిన నష్టపరిహారానికి ఆ లెక్కతో పని లేదు. 1923లో వచ్చిన పరిహార చట్టం 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. పేరు మారినా మూలసూత్రం అదే. ఈఎస్ఐ లేని చోట, పని వల్ల, పని సమయంలో ప్రమాదం జరిగితే కట్టాల్సింది యజమాని. పనివాడు ఒక్కడే అయినా సరే.

మరి ఈ పరిహారానికి ఇన్సూరెన్స్, అంటే బజారులో డబ్ల్యూసీ (వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్) అనే పాలసీ తీసుకోవడం తప్పనిసరా? మామూలు షెడ్డుకి ఈ కేంద్ర చట్టం పాలసీ తీసుకోమని బలవంతపెట్టదు. డబ్బు మాత్రం కట్టి తీరాలంటుంది. పాలసీ ఉంటే కంపెనీ కడుతుంది, లేకపోతే మీరు అమ్ముకుని కడతారు.

ఎంత కట్టాలో చూద్దాం.

[స్క్రీన్ మీద లెక్క, ఒక్కో అంకె పడుతూ]

వెల్డర్ వయసు 30. నెల జీతం 18,000. 2020 జనవరిలో కేంద్రం పెట్టిన పరిమితి ప్రకారం లెక్కలోకి తీసుకునే జీతం 15,000. చనిపోతే అందులో సగం, అంటే 7,500. దాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. ముప్పై ఏళ్లకు అది 207.98. మొత్తం 15,59,850 రూపాయలు.

బతికి, ఇక ఏ పనీ చేయలేని స్థితి వస్తే సగం బదులు 60 శాతం. అప్పుడు 18,71,820. గమనించండి, చావు కంటే ఇదే ఎక్కువ. చేతి బొటనవేలు పోతే అందులో 30 శాతం, అంటే 5,61,546. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. రేకు కోసే షియరింగ్ మెషిన్ దగ్గర పనిచేసేవాళ్లకి ఈ అంకెల అర్థం విడిగా చెప్పక్కర్లేదు.

ఈ శాతాలు కూడా ఒక్కోసారి ఆఖరి మాట కావు. 1975లో సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసులో తీర్పు ఇచ్చింది. మోచేతి పైన ఎడమ చెయ్యి తీసేశారు. ఒక్క చేతితో వడ్రంగం చేయలేడు కాబట్టి సంపాదనశక్తి నూటికి నూరు పోయినట్టేనని కోర్టు తేల్చింది.

పైగా వైద్యం ఖర్చు వేరే. 2009 సవరణ తర్వాత, పనిలో తగిలిన దెబ్బకి అయిన అసలు ఆస్పత్రి బిల్లు కూడా యజమానే ఇవ్వాలి.

"వాడే కళ్లద్దాలు పెట్టుకోలేదండీ, వాడి తప్పే" అనే మాట తరచూ వింటాం. ఒట్టి అజాగ్రత్త అయితే ఆ వాదన నిలవదు. తాగి ఉండటం, కావాలనే రక్షణ నియమాలు మీరడం లాంటివి రుజువైతే మినహాయింపు ఉంది. కానీ మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా ఆ మినహాయింపు కూడా పనిచేయదు.

ఇక మన దగ్గర ఎక్కువగా జరిగేది రాజీ. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, రెండు లక్షలు చేతిలో పెట్టి, స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకుంటారు. మరణం కేసులో ఇది చెల్లదు. పరిహారం సొమ్ము లేబర్ శాఖలోని అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి, వారసులకు పంచేది ఆయన. నేరుగా ఇచ్చింది, చట్టం అనుమతించే చిన్న అడ్వాన్సు తప్ప, పరిహారంగా లెక్కకు రాదు. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితానికీ విలువ లేదు. నిజానికి ఆ రెండు లక్షలు ఇచ్చిన ఓనరు తెలివిగా బయటపడ్డాననుకుంటాడు, అక్కడే ఇరుక్కుంటాడు. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా పెనాల్టీ.

[స్క్రీన్: పాలసీ కాగితం]

ఇప్పుడు ఖర్చు.  ప్రీమియం మొత్తం ఏడాది జీతాల మీద, వెయ్యికి ఇంత అని వేస్తారు. గుమాస్తాకి తక్కువ, ఎత్తు మీద పనిచేసేవాడికి ఎక్కువ. రేటు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి రెండు మూడు చోట్ల కొటేషన్ అడగండి. లెక్క కోసం వెయ్యికి 10 రూపాయలనుకుందాం. ఆరుగురికి నెలకు 18,000 చొప్పున ఏడాదికి 12,96,000. ప్రీమియం 12,960, దాని మీద 18 శాతం జీఎస్టీ. దాదాపు 15,300.

కక్కుర్తి మొదలయ్యేది ఇక్కడే. జీతం 9,000 అని రాస్తే ప్రీమియం సగమవుతుంది, 7,600 దాకా మిగులుతుంది. తీరా ప్రమాదంలో ఆ ముప్పై ఏళ్ల వెల్డర్ చనిపోయాక కంపెనీ పాలసీలో రాసిన 9,000 మీదే లెక్క కడితే 9,35,910 ఇస్తుంది. మిగతా 6,23,940 మీ జేబులోంచే.

పాలసీ చేతికొచ్చాక మూడు విషయాలు చదవండి. వైద్య ఖర్చుకి పరిమితి ఎంత? కాంట్రాక్టర్ తెచ్చిన కూలీలు కవరవుతారా? షెడ్డు బయట, కస్టమర్ దగ్గరకెళ్లి చేసే పని సంగతేంటి? మీ వ్యాపారం పని మీ దగ్గర కాంట్రాక్టర్ చేయిస్తే, అతని కూలీకి దెబ్బ తగిలినా ముందు మిమ్మల్నే అడగొచ్చు. తర్వాత మీరు కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి. పెనాల్టీ మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీ కట్టక్కర్లేదని 1997లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది ఓనరు మీదే.

పదిమంది, అంతకు పైన ఉంటే ఈఎస్ఐ. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు యజమాని వాటా 3.25 శాతం, పనివాడిది 0.75. 18,000 జీతానికి మీరు 585, అతను 135. ఇందులో ఉన్నవాడికి మళ్లీ విడిగా పరిహారం కట్టే పని లేదు, కుటుంబానికి వైద్యం కూడా వస్తుంది. 21,000 దాటిన ఫోర్‌మన్ మాత్రం దీని బయటే ఉంటాడు, అతనికి డబ్ల్యూసీ పాలసీ కావాలి. పదిమంది లేకపోయినా, యజమానీ పనివాళ్లలో ఎక్కువమందీ ఒప్పుకుంటే స్వచ్ఛందంగా ఈఎస్ఐలో చేరే వీలు కొత్త కోడ్‌లో ఉంది. నన్నడిగితే చిన్న షెడ్లు ముందు దీన్నే చూడాలి.

ఇంకో మార్పు. ఇంటి నుంచి పనికి వస్తూ, పోతూ జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, ఇప్పుడు పని ప్రమాదమే. రాత్రి పది దాకా ఓవర్‌టైం చేయించి బండి మీద పంపించే ఓనర్లు దీన్ని పట్టించుకోవాలి.

ప్రమాదం జరిగిన రోజు ముందు ఆస్పత్రి. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి కబురు. మరణమో తీవ్ర గాయమో అయితే ఏడు రోజుల్లోపు లేబర్ అధికారికి రిపోర్టు. హాజరు పట్టీ, జీతాల రిజిస్టర్ తీసి పక్కన పెట్టుకోండి. క్లెయిము కోసం వచ్చిన సర్వేయర్ మొదట అడిగేవి అవే.