పర్ఫార్మెన్స్ క్యామ్ వేశాక స్లోలో బండి ఊగుతోందా? స్క్రూ ముట్టకముందు ఈ వీడియో చూడండి

(దృశ్యం: బానెట్ ఎత్తిన తెల్ల మారుతి ఎస్టీమ్ కారు. ఇంజిన్ స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, తిరుగుతోంది. పది సెకన్ల పాటు మాటల్లేవు, ఇంజిన్ చప్పుడే.)

విన్నారు కదా. దడదడ... దడ్... దడదడదడ... దడ్. ఒక లయ లేదు. గేర్ రాడ్ చూడండి, ఎవరూ ముట్టుకోకుండానే వణుకుతోంది. లోపల కూర్చుంటే అద్దంలో వెనక బస్సు రెండు బస్సుల్లా కనబడుతోంది.

నమస్తే. మనం హనుమకొండలో మా షెడ్డులో ఉన్నాం. ఈ బండి కాజీపేట తమ్ముడిది. పెట్రోల్ ఎంపీఎఫ్‌ఐ (ప్రతి సిలిండర్‌కూ విడి ఇంజెక్టర్ ఉండే) ఎస్టీమ్, 1298 సీసీ, పదహారు వాల్వుల ఇంజిన్. ఇరవై ఏళ్ళు దాటిన బండిని ఇంత ప్రాణంగా చూసుకునేవాళ్ళు తక్కువ. రెండు నెలల కింద దీనికి పర్ఫార్మెన్స్ క్యామ్, అంటే వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ షాఫ్ట్, వేయించాడు. నిన్న వచ్చి ఏమన్నాడంటే: "అన్నా, ములుగు రోడ్డెక్కితే బాణంలా పోతోంది. కానీ హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ పడిందంటే నాకు టెన్షన్. ఎప్పుడు ఆగిపోతదో తెలవదు."

క్యామ్ వేసిన చోట అడిగితే, "రేస్ క్యామ్ అంటే గట్లనే ఉంటది తమ్మీ" అని, స్లో స్క్రూ తిప్పి 1400 ఆర్‌పీఎంకి పెంచి పంపారట. ఆ మాటలో సగం నిజముంది. క్యామ్ వల్ల వచ్చే ఊపు ఉంటుంది, అది మామూలే. కానీ బిగింపులో తప్పు వల్ల వచ్చే ఊపు కూడా ఉంటుంది, అది మామూలు కాదు. రెండూ ఒకే ఇంజిన్‌లో కలిసి ఉంటే చెవికి ఒకేలా వినిపిస్తాయి. స్లో పెంచితే రెండూ దాక్కుంటాయి. అందుకే ముందు వాటిని విడదీయాలి.

(దృశ్యం: టేబుల్ మీద రెండు క్యామ్ షాఫ్టులు పక్కపక్కన.)

ఇది ఈ బండి పాత క్యామ్. ఇది అలాంటిదే ఇంకోటి, గ్రైండ్ చేయించింది. ఈ గుడ్డు ఆకారం ఉంది చూడండి, దీన్నే లోబ్ అంటాం. పాతదాని మీద బొటనవేలు పెట్టి తిప్పితే ముక్కు సన్నగా తగులుతుంది. కొత్తదాని భుజాలు వెడల్పు. ఆ వెడల్పే వాల్వు ఎక్కువసేపు తెరిచి ఉండటం. వాల్వు ఎప్పుడు తెరవాలి, ఎంత ఎత్తు తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి, మూడింటినీ ఈ ఆకారమే నిర్ణయిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. పిస్టన్ పొగను బయటికి నెట్టి పైకి వచ్చే సమయానికి ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోదు, ఇన్‌టేక్ వాల్వు అప్పుడే తెరుచుకుంటుంది. రెండూ కలిసి తెరిచి ఉండే ఆ కొద్ది సమయాన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. కంపెనీ క్యామ్‌లో అది తక్కువ, పర్ఫార్మెన్స్ క్యామ్‌లో ఎక్కువ. 5000 ఆర్‌పీఎంలో బయటికి దూసుకుపోయే పొగ తన వెనకాలే కొత్త గాలిని లాక్కొస్తుంది. ములుగు రోడ్డు మీద తమ్ముడికి దొరుకుతున్న పికప్ అదే.

స్లోలో మాత్రం కథ తిరగబడుతుంది. థ్రాటిల్ (గాలి లోపలికి వచ్చే తలుపు) దాదాపు మూసి ఉంటుంది కాబట్టి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి తీసుకెళ్ళే గొట్టాల్లో, వాక్యూమ్ ఉంటుంది. పొగకు బయటికి పోయేంత ఊపు ఉండదు. రెండు వాల్వులూ తెరిచి ఉన్న ఆ సందులో పొగ వెనక్కి, ఇన్‌టేక్‌లోకి వెళ్తుంది. తర్వాతి దఫా సిలిండర్‌లోకి వచ్చేది పొగ బాగా కలిసిన గాలి. పొగ నిండిన వంటింట్లో పొయ్యి సరిగ్గా అంటుకోనట్టే అక్కడా మంట సరిగ్గా అంటుకోదు.

నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఒక సిలిండర్ ఒకసారి మండలేదనుకోండి. అందులో మిగిలేది పొగ కాదు, కాలని గాలి, పెట్రోలు. కాబట్టి తర్వాతి దఫా అదే సిలిండర్ గట్టిగా కొడుతుంది. గట్టిగా కొట్టాక మళ్ళీ పొగ మిగులుతుంది, మళ్ళీ తడబడుతుంది. రేస్ బండ్లలో మనం ఇష్టపడే ఆ దడ్-దడ్ శబ్దం పుట్టేది ఇలాగే. అది నాలుగు సిలిండర్లకూ సమానంగా తిరుగుతుంది. ఒకే సిలిండర్ పదేపదే ఎగ్గొడుతుంటే మాత్రం అది క్యామ్ గుణం కాదు, మిస్సింగ్.

(దృశ్యం: సైలెన్సర్ చివర. అరచేయి దానికి జానెడు దూరంలో.)

కొత్తగా నేర్చుకునే పిల్లలు ఇది చేసి చూడండి. చేయి కాలకుండా జానెడు దూరంలో పెట్టండి. ఒకే రకమైన అలలా తగిలితే క్యామ్. మధ్యమధ్యలో ఒక దెబ్బ ఖాళీగా పోతుంటే ఎక్కడో ఒక సిలిండర్ పని చేయట్లేదు. ఈ బండిలో ఖాళీ తెలుస్తోంది. ఏ సిలిండరో పట్టుకోవడానికి ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటే తీస్తాను. స్పార్క్ వైర్ పీకి చూసే అలవాటు మానండి, షాక్ కొడుతుంది, కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతుంది. ఒకటి తీశాను, ఆర్‌పీఎం పడింది. రెండు, పడింది. మూడు... పెద్ద తేడా లేదు. మూడో సిలిండర్ ముందే సగం చచ్చి ఉంది. నాలుగు, పడింది.

ఇప్పుడు వాక్యూమ్ గేజ్. మంచి కంపెనీ ఇంజిన్ స్లోలో 18 నుంచి 20 ఇంచుల వాక్యూమ్ చూపిస్తుంది. ఓ మోస్తరు పర్ఫార్మెన్స్ క్యామ్ ఉంటే 12, 14 దాకా తగ్గడం సహజం. ఇక్కడ ఎంతుంది? తొమ్మిది. ముల్లు అక్కడే నిలబడి సన్నగా కొట్టుకుంటోంది. క్యామ్ ఒక్కటే ఇంత తగ్గించదు. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని పిస్టన్ నొక్కే ఒత్తిడి) కూడా చూశాం. నాలుగింటిలోనూ తక్కువే, మూడోదానిలో ఇంకా తక్కువ. నాలుగూ కలిసి తగ్గితే ముందు టైమింగ్‌ను, అంటే క్రాంక్‌తో క్యామ్ కలిసి తిరిగే లెక్కను, అనుమానించండి. ఒక్కటే తగ్గితే ఆ సిలిండర్ వాల్వును.

(దృశ్యం: టైమింగ్ కవర్ తీసి ఉంది. సుద్దతో గీసిన గుర్తులు దగ్గరగా.)

చూడండి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) పుల్లీ గుర్తు సరిగ్గా ఉంది. క్యామ్ పుల్లీ గుర్తు ఉండాల్సిన చోటికి ఒక పన్ను వెనక ఉంది. ఒక్క పన్నే కదా అనుకోకండి. పుల్లీకి నలభై పళ్ళు ఉన్నాయనుకుంటే ఒక పన్ను అంటే క్యామ్ మీద 9 డిగ్రీలు. క్యామ్ ఒక్క చుట్టు తిరిగేసరికి క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి క్రాంక్ లెక్కలో అది 18 డిగ్రీలు. ఇన్‌టేక్ వాల్వు అంత ఆలస్యంగా మూసుకుంటే, సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ తిరిగి బయటికే నెట్టేస్తుంది. వాక్యూమ్ పోవడం, కంప్రెషన్ పోవడం, స్లో నిలబడకపోవడం, మూడింటికీ పెద్ద కారణం ఇదే.

బెల్టు సరిచేశాక తాళం పెట్టి సెల్ఫ్ కొట్టకండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, పానాతో క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టొద్దు. ఎత్తు పెరిగిన క్యామ్‌తో వాల్వు పిస్టన్‌కు తగిలే అవకాశం ఉంటుంది. రెండు చుట్లు తిరిగాక గుర్తులు మళ్ళీ సరిపోయాయో లేదో చూడండి. డిగ్రీ వీల్, డయల్ గేజ్ ఉన్నవాళ్ళు గుర్తులను కూడా నమ్మకుండా క్యామ్ కార్డు (గ్రైండ్ చేసినవాళ్ళు కొలతలు రాసి ఇచ్చేది) ప్రకారం కొలవండి. గ్రైండింగ్‌లో ఒకటి రెండు డిగ్రీలు అటూఇటూ అయితే గుర్తుల్లో తెలియదు.

ఇప్పుడు మూడో సిలిండర్ సంగతి. టాపెట్లు, అంటే వాల్వు గ్యాప్ సెట్ చేసే స్క్రూలు.

(దృశ్యం: వాల్వ్ కవర్ తీసిన ఇంజిన్. గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ సన్నటి ఆకు, వాల్వును నొక్కే రాకర్ కింద.)

ఈ తప్పు చాలామంది చేస్తారు, కొంచెం ఆగి చూడండి. కంపెనీ క్యామ్‌నే గ్రైండ్ చేయించినప్పుడు లోబ్ కింది గుండ్రటి భాగం చిన్నదవుతుంది. అంటే రాకర్‌కు, వాల్వుకు మధ్య గ్యాప్ మారిపోతుంది, పదహారు టాపెట్లూ మొదటి నుంచి సెట్ చేయాలి. ఇక్కడ మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ దగ్గర స్క్రూ మరీ బిగించినట్టున్నారు, అన్నిటికన్నా సన్నటి ఆకు కూడా దూరట్లేదు. గ్యాప్ అసలు లేదు. ఇంజిన్ వేడెక్కి వాల్వు కాడ సాగితే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇంకో నెల ఇలాగే తిప్పితే వాల్వు అంచు కాలిపోయేది. హెడ్డు దించాల్సి వచ్చేది.

గ్యాప్ ఎంత పెట్టాలి? మాన్యువల్‌లో ఉన్నది పాత క్యామ్ లెక్క. కొత్త క్యామ్‌కు గ్రైండ్ చేసినవాళ్ళు ఇచ్చిన కార్డులో ఉన్నదే పెట్టాలి, చల్లటి ఇంజిన్‌లోనా వేడి ఇంజిన్‌లోనా అన్నది కూడా అందులోనే చూడాలి. కార్డు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. అది మీరు డబ్బు పెట్టి కొన్న వస్తువులో భాగం. గ్యాప్ మరీ బిగిస్తే వాల్వు ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, ఓవర్‌ల్యాప్ పెరుగుతుంది, స్లో ఇంకా పాడవుతుంది. ఆకు లాగితే సన్నటి పట్టు తెలియాలి, ఇరుక్కోకూడదు. లాక్ నట్ బిగించాక మళ్ళీ ఒకసారి లాగి చూడండి, బిగించేటప్పుడు స్క్రూ కదులుతుంది.

ఇక గాలి లీకేజీ. మానిఫోల్డ్ ప్యాకింగ్, బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది). ఈ బండిలో పీసీవీ పైపు చివర పగిలింది, మార్చాం. లీకు వెతకడానికి వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చల్లేవాళ్ళను చూశాను. దయచేసి చేయకండి, మంట అంటుకుంటుంది. స్మోక్ మెషిన్ ఉంటే మంచిది, లేకపోతే సబ్బు నీళ్ళు జల్లి స్లో మారుతుందేమో చూడండి.

(దృశ్యం: ఇంజిన్ మళ్ళీ స్టార్ట్. గేజ్ ముల్లు 13 మీద.)

పదమూడు. లయ కూడా వచ్చింది. ఇప్పుడు మిగిలింది క్యామ్ సొంత గుణం. దాన్ని కంప్యూటర్ వైపు నుంచి సర్దాలి.

ఈ ఇంజిన్‌లో మ్యాప్ సెన్సర్ ఉంటుంది, మానిఫోల్డ్‌లో ప్రెషర్ చూసి ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి, చెబుతుంది. వాక్యూమ్ తగ్గిందంటే బండి మీద బరువు పడిందని ఈసీయూ అనుకుంటుంది, పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ కూడా తప్పుదారి పట్టిస్తుంది. మండని దఫాలో వాడని ఆక్సిజన్ సైలెన్సర్‌లోకి వస్తుంది కదా, సెన్సర్ దాన్ని చూసి పెట్రోల్ తక్కువైందని చెబుతుంది. ఈసీయూ ఇంకా పోస్తుంది. ప్లగ్గులు నల్లగా మసిబారతాయి, మిస్సింగ్ పెరుగుతుంది. మెకానికల్ తప్పులు ఉండగా ట్యూనింగ్‌కు వెళ్తే డబ్బు దండగ అనేది ఇందుకే.

ట్యూనర్ దగ్గర మూడు మార్పులు అడగండి. స్లో 800 నుంచి 950, 1000 మధ్యకు. స్లోలో ఇగ్నిషన్ అడ్వాన్స్ పెంచాలి, పొగ కలిసిన మిశ్రమం మెల్లగా మండుతుంది కాబట్టి స్పార్క్ ముందే పడాలి. 15 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ ఎక్కడ నిలకడగా ఉందో చూస్తూ పోవాలి. మూడోది, స్లోలో ఆక్సిజన్ సెన్సర్ మాట మరీ వినకుండా పెట్రోల్ లెక్కను స్థిరంగా ఉంచడం. కంపెనీ ఈసీయూలో ఇది కుదరకపోతే పిగ్గీబ్యాక్ (కంపెనీ ఈసీయూకి జోడించే అదనపు కంప్యూటర్) లేదా విడి ఈసీయూ కావాలి. ఒక మాట గుర్తుంచుకోండి, పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్‌ను స్లోలో కొలుస్తారు. పెట్రోల్ ఎక్కువ పోసి స్లో నిలబెట్టే పద్ధతి అక్కడ దొరికిపోతుంది.

థ్రాటిల్ స్టాప్ స్క్రూను, అంటే ఆ స్లో స్క్రూను, నేను చివర్లోనే ముడతాను, అదీ కొద్దిగా. దానితోనే 1400 చేస్తే గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ వదిలినా బండి సిగ్నల్ దగ్గర ముందుకు తోస్తుంది.

బ్రేక్ కూడా చూడండి. బూస్టర్ నడిచేది ఈ వాక్యూమ్ మీదే. ఇంజిన్ స్లోలో ఉండగా పెడల్ వరుసగా నాలుగైదు సార్లు తొక్కండి. రాయిలా గట్టిపడితే ఆ బండిని రోడ్డెక్కించకండి, ముందు లీకు చూసి, అవసరమైతే వాక్యూమ్ ట్యాంక్ పెట్టించండి. నిన్న ఈ తమ్ముడి బండిలో మూడోసారికే గట్టిపడింది. చౌరస్తాలో ఆగిపోతుందన్న భయం కన్నా నాకు ఇదే ఎక్కువ భయమేసింది.

ఏసీ వేసి కూడా పరీక్ష చేయాలి. మన దగ్గర మే నెలలో ఏసీ లేకుండా బండి నడిపేవాళ్ళు ఎవరు? కంప్రెసర్ పట్టుకోగానే స్లో పడిపోకుండా నిలవాలి.

(దృశ్యం: సాయంత్రం. ఏసీ ఆన్. ఇంజిన్ మీద స్టీలు గ్లాసులో సగం నీళ్ళు. నీళ్ళలో వలయాలు, చిందడం లేదు.)

980 ఆర్‌పీఎం, ఏసీతో. వాక్యూమ్ 13 దగ్గర. ఊపు పూర్తిగా పోలేదు, పోదు కూడా. కానీ ఇప్పుడు అది క్యామ్ ఊపు. రోజూ ఊళ్ళో ట్రాఫిక్‌లో తిరిగే బండికి ఇంతకన్నా పెద్ద క్యామ్ నేనైతే వేయను.

తమ్ముడు బండి తీసుకుని ఇప్పుడే బయల్దేరాడు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక రమ్మన్నాను, కొత్త లోబ్‌లు సర్దుకున్నాక టాపెట్ గ్యాప్ మారుతుంది. ఆ రోజు పదహారూ మళ్ళీ కొలుస్తాం, ఏది ఎంత మారిందో వీడియోలోనే చూపిస్తాను.