గ్రౌండ్‌హాగ్ ఫిబ్రవరిలో ఎందుకు బయటికొస్తుంది?

(తెర మీద: చీకట్లో జనం, పొడుగు టోపీల పెద్దమనుషులు, ఒకాయన చేతుల్లో బొద్దుగా ఓ జంతువు)

వాయిస్: ఫిబ్రవరి 2, తెల్లవారుజాము. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, పంక్సటానీ ఊరు. ఆ చేతుల్లో ఉన్నది ఫిల్ అనే గ్రౌండ్‌హాగ్. దాని నీడ దానికి కనబడిందంటే చలి ఇంకో ఆరు వారాలు. కనబడకపోతే వసంతం తొందరగా వచ్చేసినట్టే. గాబ్లర్స్ నాబ్ అనే ఈ గుట్ట మీద 1887లో మొదలైన తంతు ఇది. అప్పటి ఫిల్లే ఇప్పటికీ బతికున్నాడని నిర్వాహకులు నవ్వకుండా చెప్తారు. ఏటా ఎండాకాలంలో ఒక గుక్క అమృతం పడుతుందట, గుక్కకు ఏడేళ్ల ఆయుష్షట! అడవిలో గ్రౌండ్‌హాగ్ ఆరేళ్లు బతికితే గొప్ప.

పేరులో పంది ఉన్నా ఇది ఉడుత కుటుంబానిది. 2 నుంచి 6 కిలోలు తూగే ఉడుత అనుకోండి. ఇంకో పేరు వుడ్‌చక్. దానికీ కట్టెలకూ సంబంధం లేదు. అక్కడి ఆదివాసుల ఆల్గాంక్వియన్ భాషల మాట ఇంగ్లిషువాళ్ల నోట్లో నలిగి అలా తయారైంది. విజిల్ పిగ్, అంటే ఈల పంది, మాత్రం అతికినట్టు సరిపోయే పేరు. ప్రమాదం పసిగడితే నిజంగానే ఈల వేస్తుంది. లద్దాఖ్ వెళ్లినవాళ్లు రోడ్డు పక్కన ఫొటోలు తీసుకునే మార్మోట్లు దీని దాయాదులే.

ఈ జోస్యం జర్మనీది. క్రిస్మస్ నుంచి నలభయ్యో రోజున వచ్చే క్యాండిల్‌మస్ పండగనాడు అక్కడ నీడ చూసుకునేది బ్యాడ్జర్ అనే బొరియ జంతువు. పెన్సిల్వేనియాకు వలసొచ్చిన జర్మన్లకు పొలాల్లో గ్రౌండ్‌హాగ్ కనిపించింది, ఉద్యోగం దానికి బదిలీ అయింది. అసలు ఫిబ్రవరి 2కి ఆరు వారాలు కలపండి: మార్చి 16. క్యాలెండర్లో వసంతం మొదలయ్యేది మార్చి 20 ప్రాంతంలో. నీడ పడినా పడకపోయినా ఫలితం ఒకటే!

(తెర మీద: బొరియ నిలువుకోత బొమ్మ)

ఇక అసలు సంగతి భూమి లోపల ఉంది. ప్రధాన ద్వారం దగ్గర తవ్విపోసిన మట్టి కుప్ప కనిపిస్తుంది. దూరంగా, గడ్డి మాటున, మట్టి ఆనవాలే లేని దొంగదారి ఒకటి. దాన్ని లోపలి నుంచి తవ్వుతుంది కాబట్టి బయట కుప్ప పడదు. పడకగది వేరు, మరుగుదొడ్డి వేరు. శరదృతువులో ఒళ్లంతా కొవ్వు పట్టించుకుని లోపల ముడుచుకుంటుంది. నిమిషానికి 80 సార్లు కొట్టుకునే గుండె 5కి, 37 డిగ్రీల ఒంటి వేడి 5 డిగ్రీల దరిదాపుల్లోకి పడిపోతాయి.

మరి ఫిబ్రవరిలో లేవడమెందుకు? మగవి ఆడవాటి బొరియలు ఎక్కడున్నాయో చూసుకోవడానికి! తిరిగొచ్చి మళ్లీ పడుకుంటాయి. జతకట్టేది మార్చిలో, నెల రోజులకు పిల్లలు. అంతకన్నా ముందు పుడితే మేతుండదు, ఆలస్యమైతే వచ్చే చలికి సరిపడా కొవ్వు పట్టదు.

(తెర మీద: కొరికేసిన చిక్కుడు పాదు)

న్యూజెర్సీలో పెరడు వేసే తెలుగువాళ్లకు ఆ తర్వాతి కథ తెలుసు. జాలీ కంచె నాలుగడుగుల ఎత్తు కట్టినా లాభముండదు, ఎందుకంటే ఇది తవ్వుతుంది, ఎక్కుతుంది కూడా. అడుగున ఒక అడుగు మేర జాలీని బయటివైపు వంచి మట్టిలో పూడ్చండి. పైన ఒక అడుగు గుంజలకు కట్టకుండా వదిలేయండి. ఎక్కబోతే ఆ బరువుకు జాలీ వెనక్కి ఒరిగి, వచ్చిన దారినే కింద పడుతుంది.