ఫోటో తీస్తే లెక్క చేసే యాప్‌లు: ప్రీమియం కొనాలా? | రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ రోజు రివ్యూ ఫోన్ కెమెరాతో లెక్కను ఫోటో తీస్తే స్టెప్పులతో సహా చేసిపెట్టే యాప్‌ల మీద. ముందుగా ఒక విషయం చెప్పేస్తాను. ఇలాంటి యాప్ ఒకదాని ప్రీమియం వెర్షన్ వాళ్లే ఉచితంగా ఇచ్చి వీడియో చేయమన్నారు. డబ్బు తీసుకోలేదు, స్క్రిప్టు వాళ్లకు చూపించలేదు. యాప్ పేరు చెప్పకపోవడానికి కారణం ఉంది. ఇప్పుడు నేను మాట్లాడబోయే ఇబ్బందులు ఆ ఒక్క యాప్‌వి కావు. ఈ రకం యాప్ ఏది వాడినా మీకు ఎదురయ్యేవే.

ఫీచర్ల లిస్టు మీరు ఈపాటికి చూసే ఉంటారు, దాన్ని మళ్లీ చదవను. ఈ రకానికి బాగా పేరు తెచ్చిన ఫోటోమ్యాథ్ 2014లో క్రొయేషియా నుంచి వచ్చింది, ఇప్పుడు అది గూగుల్ చేతిలో ఉంది. దాని తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. అన్నీ అదే పని చేస్తాయి: ఫోటోలో ఉన్న లెక్కను చదవడం, సాధించడం, స్టెప్పులు చూపించడం.

మొదటి పని, చదవడం. అచ్చులో ఉన్న లెక్కయితే పెద్దగా ఇబ్బంది ఉండదు. చేతిరాత దగ్గరే తేడాలొస్తాయి. ఎక్కువగా దెబ్బతినేవి చిన్న సైజులో రాసేవి: ఘాతాలు, లాగ్ కింద రాసే ఆధారం, దశాంశ బిందువు. లాగ్₂ 8 అని మీరు రాస్తారు. ఆ 2 కాస్త పైకి జరిగితే యాప్ లాగ్ 28 అని చదువుతుంది. రావాల్సింది 3, వచ్చేది 1.447. భిన్నం గీత చిన్నదైతే మైనస్ అనుకుంటుంది. గుణకారం గుర్తు ఎక్స్ అయిపోతుంది. అందుకే ఫోటో తీశాక జవాబు వైపు వెళ్లొద్దు. యాప్ తను చదివిన లెక్కను పైన మళ్లీ టైపు చేసి చూపిస్తుంది కదా, ముందు దాన్ని మీ పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చుకోండి. తేడా ఉంటే అక్కడే ఎడిట్ చేయండి, ఫోటో మళ్లీ తీయక్కర్లేదు. రాసేటప్పుడు ఘాతాన్ని స్పష్టంగా పైకి రాయడం, భిన్నం గీతను పైనున్న పదం కంటే కొంచెం పొడవుగా గీయడం, ఒక ఫ్రేములో ఒక్క లెక్కే ఉండేలా చూసుకోవడం. ఈ మూడూ పాటిస్తే స్కానింగ్ గొడవలు చాలావరకు పోతాయి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయానికి వస్తాను. ప్రీమియం అమ్మేదే స్టెప్పుల పేరు మీద. "ప్రతి స్టెప్పుకూ వివరణ" అంటారు. ఆ వివరణలో ఏముంటుందో చూడండి: "రెండు వైపులా వర్గం చేయండి", "పదాలను ఒకవైపుకు తీసుకురండి", "కారణాంకాలుగా విడదీయండి". ఏం చేయాలో చెప్తుంది. ఎందుకు చేయాలో, అలా చేస్తే ఏం ప్రమాదమో చెప్పదు. విద్యార్థి తప్పు చేసేది సరిగ్గా అక్కడే.

ఒక లెక్క తీసుకుందాం. √(ఎక్స్ + 7) = ఎక్స్ − 5. రెండు వైపులా వర్గం చేస్తే ఎక్స్ + 7 = ఎక్స్² − 10ఎక్స్ + 25. అన్నీ ఒకవైపుకు తెస్తే ఎక్స్² − 11ఎక్స్ + 18 = 0. కారణాంకాలు (ఎక్స్ − 9), (ఎక్స్ − 2). కాబట్టి ఎక్స్ = 9 లేదా 2. ఇప్పుడు మొదటి సమీకరణంలో పెట్టి చూడండి. 9 పెడితే ఎడమవైపు √16, అంటే 4. కుడివైపు 9 − 5, అదీ 4. సరిపోయింది. 2 పెడితే ఎడమవైపు √9, అంటే 3. కుడివైపు 2 − 5, అంటే −3. సరిపోలేదు. 2 ఈ లెక్కకు జవాబు కాదు.

మంచి యాప్ ఈ 2ని తీసేసి 9 మాత్రమే ఇస్తుంది. "సరిచూడండి" అని ఒక స్టెప్పు కూడా పెడుతుంది. కానీ లెక్కలో ఎక్కడా లేని ఆ 2 ఎక్కడి నుంచి వచ్చి చేరింది? ఆ ప్రశ్నకు జవాబు నాకు డబ్బు కట్టే యాప్‌లో దొరకలేదు, ఉచితంగా దొరికే గ్రాఫ్‌లో దొరికింది.

డెస్మోస్ అనే గ్రాఫ్ గీసే సైటు తెరవండి. బ్రౌజర్‌లో ఉచితం, అకౌంట్ కూడా అక్కర్లేదు. మొదటి లైనులో వై = √(ఎక్స్ + 7), రెండో లైనులో వై = ఎక్స్ − 5 టైపు చేయండి. ఒక వంపు, ఒక సరళరేఖ వస్తాయి. రెండూ ఒక్కచోటే కలుస్తాయి, (9, 4) దగ్గర. గీత మీద తాకితే ఖండన బిందువు దగ్గర చుక్క కనిపిస్తుంది, దాన్ని తాకితే విలువలు వస్తాయి. ఇప్పుడు మూడో లైనులో వై = −√(ఎక్స్ + 7) వేయండి. ఆ వంపు అద్దంలో బొమ్మలా కిందికి తిరిగి వస్తుంది. సరళరేఖ దాన్ని (2, −3) దగ్గర కలుస్తుంది. మనకు కావలసిన 2 అక్కడుంది! వర్గం చేసినప్పుడు ప్లస్ రూటుకూ మైనస్ రూటుకూ తేడా పోయింది, కాబట్టి కింది వంపు జవాబు కూడా మన లెక్కలోకి వచ్చేసింది. దీన్ని చూసిన విద్యార్థికి "వర్గం చేస్తే చివర్లో సరిచూడాలి" అని బట్టీ పట్టించే పనే ఉండదు. మూడు లైన్లు టైపు చేయడానికి పట్టే సమయంలో అర్థమైపోతుంది.

డెస్మోస్ వాడేటప్పుడు ఒక జాగ్రత్త. కోణాలు అందులో మొదట రేడియన్లలో ఉంటాయి. సైన్ 30 అని వేస్తే 0.5 రాదు, −0.988 వస్తుంది. పైన ఉండే పానా గుర్తు నొక్కి డిగ్రీలకు మార్చుకోండి. లాగ్ విషయంలోనూ ఇలాంటిదే ఒకటుంది. డెస్మోస్‌లో లాగ్ అంటే ఆధారం 10, కాబట్టి లాగ్ 100 అంటే 2. టైపు చేసిన లెక్కకు జవాబిచ్చే వోల్ఫ్రమ్ ఆల్ఫా సైటులో అదే లాగ్ 100 వేస్తే 4.605 వస్తుంది, ఎందుకంటే అది సహజ లాగరిథమ్‌గా తీసుకుంటుంది. రెండూ కరెక్టే, అడిగిన ప్రశ్న వేరు. 2009 నుంచి ఉన్న వోల్ఫ్రమ్ ఆల్ఫాలో నాకు బాగా నచ్చేది కూడా ఇదే. మీరు టైపు చేసినదాన్ని తను ఎలా అర్థం చేసుకుందో పైన మొదటి పెట్టెలోనే చూపిస్తుంది. ఆ పెట్టె చదవకుండా కిందికి వెళ్లకండి.

ఇప్పుడు ఈ యాప్‌లను ఎలా వాడితే లెక్క వస్తుందో చెప్తాను. స్టెప్పులు మూసేయండి. యాప్ నుంచి చివరి జవాబు ఒక్కటే తీసుకోండి. దాన్ని మీరు నోటుబుక్‌లో చేసిన ప్రతి లైనులో పెట్టి చూడండి.

ఉదాహరణకు లెక్క 3(2ఎక్స్ − 5) − 2(ఎక్స్ − 4) = 13. మీరు చేసిన తర్వాతి లైను 6ఎక్స్ − 15 − 2ఎక్స్ − 8 = 13. ఆ తర్వాత 4ఎక్స్ − 23 = 13, చివరికి ఎక్స్ = 9. యాప్ మాత్రం 5 అంటోంది. స్టెప్పులు తెరవకుండా ఆ 5 తీసుకోండి. మొదటి లైనులో పెడితే 3 × 5 − 2 × 1, అంటే 13. సరే. రెండో లైనులో పెడితే 30 − 15 − 10 − 8, అంటే −3. 13 రాలేదు. తప్పు మొదటి లైనుకూ రెండో లైనుకూ మధ్యే జరిగింది. అక్కడ మార్పు జరిగింది బ్రాకెట్లు విప్పడం ఒక్కటే. చూస్తే, −2ని −4తో గుణిస్తే +8 రావాలి, −8 రాశారు. కనిపించిందా? యాప్ స్టెప్పులు చదివి ఉంటే "ఓహో ఇలా చేయాలన్నమాట" అని పేజీ తిప్పేసేవాళ్లు, ఆ మైనస్ తప్పు రేపటి లెక్కలోనూ ఉండేది.

పరిష్కారం పొడవుగా ఉంటే అన్ని లైన్లూ చూడక్కర్లేదు. పన్నెండు లైన్లుంటే ముందు ఆరో లైనులో పెట్టండి. సరిపోతే తప్పు కింది సగంలో ఉంది, సరిపోకపోతే పై సగంలో. మళ్లీ ఆ సగంలో మధ్య లైను. మూడు నాలుగు సార్లలో తప్పు లైను దొరుకుతుంది. వర్గసమీకరణమైతే రెండు మూలాలూ పెట్టి చూడాలి. ఎక్స్² = 5ఎక్స్ లో రెండు వైపులా ఎక్స్ కొట్టేసిన వాళ్లకు 5 పెడితే అన్నీ సరిపోయినట్టే ఉంటాయి, పోగొట్టుకున్న 0 పెడితేనే బయటపడుతుంది.

సమీకరణం కాకుండా సూక్ష్మీకరణ లెక్కయితే పెట్టడానికి జవాబు ఉండదు కదా. అప్పుడు ఏదో ఒక సంఖ్య ఎంచుకుని రెండు లైన్లలోనూ పెట్టండి, ఒకే విలువ రావాలి. 0, 1, 2 మాత్రం ఎంచుకోకండి, అవి తప్పుల్ని దాచేస్తాయి. (ఎక్స్ + 3)² ను ఎక్స్² + 9 అని రాసేవాళ్లు చాలామంది. 0 పెడితే రెండూ 9, తప్పు దొరకదు. 7 పెడితే ఒకటి 100, రెండోది 58. అలాగే ఎక్స్²కూ 2ఎక్స్‌కూ 0 దగ్గర, 2 దగ్గర తేడా ఉండదు. 7 లాంటి సంఖ్య అలవాటు చేసుకోండి.

ఇంటిగ్రేషన్‌లో ఇంకో రకం అయోమయం వస్తుంది. పుస్తకం వెనక జవాబు ఒకటి, యాప్ జవాబు ఇంకొకటి, మీది మూడోది. ∫ 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ చూడండి. సైన్² ఎక్స్ అని రావచ్చు, −కాస్² ఎక్స్ అని రావచ్చు, −½ కాస్ 2ఎక్స్ అని కూడా రావచ్చు. మూడూ కరెక్టే. ఎలా తెలుస్తుందంటే, రెండు జవాబుల మధ్య తేడా రెండు మూడు చోట్ల లెక్కవేయండి. 0 దగ్గర సైన్² విలువ 0, −కాస్² విలువ −1, తేడా 1. 90 డిగ్రీల దగ్గర 1, 0, తేడా మళ్లీ 1. తేడా ఎక్కడా మారకపోతే అది చివర్లో రాసే స్థిరసంఖ్యలో కలిసిపోతుంది. డెస్మోస్‌లో ఆ తేడానే గ్రాఫ్ వేస్తే అడ్డంగా తిన్నని గీత వస్తుంది, ఒక్క చూపులో తేలిపోతుంది. ఈ ఒక్క చిట్కా తెలియక సరైన జవాబును కొట్టేసి మళ్లీ చేసేవాళ్లున్నారు, అది నాకు బాధగా ఉంటుంది.

మాటల్లో ఇచ్చే లెక్కలకు కెమెరా యాప్‌ల కంటే చాట్‌బాట్‌లు మేలు, కానీ కాపలా ఉండాలి. ఒక పంపు తొట్టిని 6 గంటల్లో, ఇంకోటి 4 గంటల్లో నింపుతుంది. మొదటిది తిప్పిన గంటకు రెండోది కూడా తిప్పారు. తొట్టి మొత్తం ఎంతసేపట్లో నిండింది? మొదటి గంటలో ఆరో వంతు నిండింది. మిగిలింది 5/6. రెండూ కలిసి గంటకు 5/12 నింపుతాయి. కాబట్టి ఇంకో 2 గంటలు, మొత్తం 3. ఇక్కడ జారేది లెక్క కాదు, చివరి మాట. 2 దగ్గరే ఆగిపోతే తప్పు. చాట్‌బాట్‌ని అడిగేటప్పుడు జవాబు అడగకండి. మీరు చేసింది మొత్తం టైపు చేసి, "జవాబు చెప్పొద్దు, మొదటి తప్పు ఏ లైనులో ఉందో మాత్రం చెప్పు" అనండి. మీకు వచ్చిన జవాబు సరైనదే అన్న ధీమా మాటల్లో చూపించకండి, చాలాసార్లు అవి మీతో తల ఊపేస్తాయి. అది చెప్పిన లైనును పైన చెప్పిన పద్ధతిలో సంఖ్య పెట్టి మీరే సరిచూసుకోండి.

జ్యామితికి ఫోటో యాప్‌ల మీద ఆశ పెట్టుకోవద్దు. బొమ్మలో ఉన్న సమాచారం సమీకరణంలా చదవగలిగేది కాదు. బొమ్మలు గీసి కదిపి చూసే జియోజెబ్రా వాడండి, అదీ ఉచితమే. చతుర్భుజం గీసి, నాలుగు భుజాల మధ్యబిందువులు కలిపితే లోపల సమాంతర చతుర్భుజం వస్తుంది. వారిన్యాన్ సిద్ధాంతం ఇది, 1731లో అచ్చయింది. మూలను పట్టుకుని ఎటు లాగినా లోపలిది సమాంతర చతుర్భుజంగానే ఉంటుంది. మధ్యబిందువులను కంటి అంచనాతో పెట్టకండి, మధ్యబిందువు టూల్‌తోనే పెట్టాలి. లేకపోతే లాగగానే బొమ్మ చెదిరిపోతుంది, సిద్ధాంతమే తప్పనుకుంటారు.

మరి ప్రీమియం కొనాలా? నా జవాబు వద్దు. స్కానర్ బాగుంది, జవాబులు బాగున్నాయి. ఆ రెండూ ఉచిత వెర్షన్‌లోనే ఉన్నాయి. డబ్బు అడిగేది స్టెప్పుల వివరణకు, ఆ వివరణే ఇందులో అన్నిటికంటే బలహీనమైన భాగం. పొడవైన ఇంటిగ్రేషన్లు రోజూ చేసేవాళ్లకు, ఏ పద్ధతితో మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయేవాళ్లకు ఒక నెల పనికొస్తుంది. అంతకంటే ఎక్కువ కాలానికి కట్టకండి.

ట్రయల్ తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. యాప్‌ను ఫోన్లోంచి తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లోనో యాప్ స్టోర్‌లోనో సబ్‌స్క్రిప్షన్ల పేజీకి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. ట్రయల్ మొదలుపెట్టిన రోజే అలా రద్దు చేసినా, ట్రయల్ మిగిలిన రోజులు పనిచేస్తుందో లేదో అదే పేజీలో తేదీతో సహా కనిపిస్తుంది. ఆ తేదీ చూసుకునే నొక్కండి.